కెనూ ట్రిప్‌కి తుపాకీ కావాలా? ఎలుగు వస్తే ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇప్పుడు ఉంటున్నది అమెరికాలోని మిన్నెసోటాలో. పన్నెండేళ్లుగా ప్రతి వేసవిలో స్నేహితుల్ని, వాళ్ల కుటుంబాల్ని వెంటబెట్టుకుని కెనడా సరిహద్దు వెంబడి ఉన్న బౌండరీ వాటర్స్‌కి కెనూల (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) మీద వెళ్తున్నాను. పది లక్షల ఎకరాలకు పైగా అడవి, వెయ్యికి పైగా సరస్సులు. లోపల కరెంటు ఉండదు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా అందదు. మే నెల వచ్చిందంటే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అడిగేవాళ్లలో చాలామందికి ఎలుగంటే నిద్రపట్టని భయం, నీళ్లంటే అసలు భయం లేదు. అది చూస్తే నాకు టెన్షన్. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. అలాస్కా, ఉత్తర కెనడా నదుల మీదికి వెళ్లేవాళ్లు అడిగినవి కూడా చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

అక్కడి ఎలుగుబంట్లు నిజంగా మనుషుల్ని చంపుతాయా?

చంపిన సందర్భాలు ఉన్నాయి, కానీ చాలా తక్కువ. అమెరికా, కెనడా రెండూ కలిపి 1900 నుంచి 2009 వరకు అడవిలో తిరిగే నల్ల ఎలుగులు (బ్లాక్ బేర్) 63 మందిని చంపాయని స్టీఫెన్ హెరెరో అనే శాస్త్రవేత్త బృందం లెక్క తేల్చింది. అందులో ఎక్కువ భాగం మనిషిని ఆహారంగా చూసి మీదపడినవే. దాడి చేసినవి దాదాపు అన్నీ ఒంటరి మగ ఎలుగులు, బలైనవాళ్లు ఎక్కువగా ఒక్కరుగానో ఇద్దరుగానో ఉన్నవాళ్లు. 1991 అక్టోబర్‌లో అంటారియోలోని అల్గాన్‌క్విన్ పార్కులో, ఒపియాంగో సరస్సులోని ఒక దీవి మీద క్యాంపు వేసుకున్న జంటని ఒక నల్ల ఎలుగు చంపేసింది. కాబట్టి ఏమీ కాదని నేను చెప్పను. నలుగురైదుగురు కలిసి ఉండండి, పిల్లల్ని ఒంటరిగా పొదల వైపు పంపకండి. బౌండరీ వాటర్స్‌లో ఒక గుంపుకి 9 మంది, 4 పడవల వరకు అనుమతి ఉంది.

మన ఉద్దానం ఎలుగులాంటిదేనా ఇది?

కాదు. మన భయమంతా మన ఎలుగుని చూసి వచ్చిందే కాబట్టి ఈ తేడా తెలుసుకోవాలి. జీడితోటకి పనికి వెళ్లినవాళ్ల మీద ఎలుగు పడిందని వింటూ పెరిగినవాణ్ణి నేను. మా వీధిలో ఒక పెద్దాయన చెంప మీద దాని గోళ్ల గాట్లు ఉండేవి. ఆయన పక్కన కూర్చున్నప్పుడల్లా చూపు అక్కడికే పోయేది. మన ఎలుగు పులులు తిరిగే అడవుల్లో బతికిన జంతువు. దగ్గరగా ఎదురై ఉలిక్కిపడితే పారిపోవడం కంటే తిరగబడటమే దానికి అలవాటు. ఇక్కడి నల్ల ఎలుగు అలా కాదు, ప్రమాదం అనిపిస్తే చెట్టెక్కుతుంది, లేదంటే పొదల్లోకి పారిపోతుంది. మిన్నెసోటాలో గ్రిజ్లీలు (పెద్ద గోధుమ రంగు ఎలుగులు) లేవు, నల్ల ఎలుగులే. దాని ధ్యాస ఎక్కువగా మీ తిండి సంచి మీదే ఉంటుంది.

మరి ప్రాణాలు పోయేది దేనివల్ల?

నీళ్ల వల్ల. అమెరికా కోస్ట్‌గార్డ్ ఏటా ఇచ్చే లెక్కల్లో సరదా పడవ ప్రయాణాల్లో చనిపోయినవారిలో నాలుగింట మూడొంతుల మంది మునిగిపోయినవాళ్లే. అలా మునిగిన ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్లు.

ఒక మే నెలలో మా ముందు వెళ్తున్న కెనూ ఒడ్డుకి ముప్పై మీటర్ల దూరంలో బోల్తా పడింది. ఐసు కరిగి రెండు వారాలే అయింది. అందులో ఉన్న తమ్ముడికి ఈత బాగా వచ్చు, చెరువులో ఈది పెరిగినవాడు. మేం దగ్గరికి చేరేసరికి ఊపిరి అందక ఎగశ్వాస పీలుస్తున్నాడు. తెడ్డు చాపితే చూస్తున్నాడు గానీ వేళ్లు ముడుచుకోవడం లేదు. జాకెట్ వేసుకున్నాడు కాబట్టి తల నీటిపైనే ఉంది. కాలరు పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చాం.

చల్లటి నీటి గురించి మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన లెక్క 1-10-1. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత 10 నిమిషాలు చేతులూ కాళ్లూ మన మాట వినడానికి, స్పృహ తప్పేలోపు సుమారు 1 గంట. ఆ గంట మీకు దక్కాలంటే లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి. సీటు కింద పెట్టుకుంటే లాభం లేదు.

సరే, అన్నా, ఒక్క మాటలో చెప్పండి. బౌండరీ వాటర్స్‌కి గన్ తీసుకెళ్లాలా?

అక్కర్లేదు. నేను ఎప్పుడూ తీసుకెళ్లలేదు. నాతో వచ్చేవాళ్లని కూడా తేవద్దనే అడుగుతాను. చట్టం పూర్తిగా నిషేధించదు, అది వేరే సంగతి. అక్కడ మిన్నెసోటా ఆయుధాల చట్టాలే వర్తిస్తాయి, చేతి తుపాకీ బయట వెంట ఉంచుకోవాలంటే రాష్ట్రం గుర్తించే క్యారీ పర్మిట్ ఉండాలి. జాతీయ అడవుల్లో క్యాంపుకి 150 గజాల లోపు కాల్చడం నేరం. తుపాకీకి పెట్టే డబ్బుతో మంచి లైఫ్ జాకెట్, బేర్ స్ప్రే (ఎలుగు మీద కొట్టే మిరప ఘాటు స్ప్రే), ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరం కొనుక్కోండి. అపాయం వస్తే బయటికి కబురు చేర్చేది ఆ పరికరమే.

ఉంటే తప్పేంటి? వాడకపోయినా ధైర్యంగా ఉంటుంది కదా?

ధైర్యం కావాలనుకోవడంలో తప్పు లేదు. కానీ కెనూలో తుపాకీ ఎక్కడుంటుందో ఊహించండి. తడవకుండా సంచిలో పెట్టి, బోల్తా పడితే మునిగిపోకుండా తాడుతో కట్టి, పైన రెండు ప్యాక్‌లు వేసి ఉంచుతారు. ఎలుగు ఎదురైతే మీకు దొరికేది కొన్ని సెకన్లే. చేతికందేలా గుండు ఎక్కించి ఉంచితే, తడి రాళ్ల మీద కెనూని భుజాన మోస్తూ జారిపడే ఆ దారుల్లో తోటివాళ్లకే ప్రమాదం. రాత్రి టెంట్ బయట అలికిడి వింటే అది ఎలుగో, బాత్రూంకి లేచిన మీ బావమరిదో చీకట్లో తెలియదు.

2005 జూన్‌లో అలాస్కా ఆర్కిటిక్ వన్యప్రాణి ప్రాంతంలో హులాహులా నది మీద వెళ్తున్న అనుభవమున్న జంటని గ్రిజ్లీ టెంట్‌లోనే చంపింది. వాళ్లు తిండిని ఎలుగు తెరవలేని డబ్బాల్లోనే దాచారు. టెంట్‌లో రైఫిల్ కూడా ఉంది. దాన్ని కాల్చనే లేదు. తుపాకీ ఉండటం వేరు, ఆ క్షణంలో దాన్ని వాడగలగడం వేరు అని ఈ సంఘటన చదివిన రోజు నాకు అర్థమైంది.

బేర్ స్ప్రే కంటే తుపాకీయే గట్టిది కదా? లెక్కలు ఏం చెబుతున్నాయి?

టామ్ స్మిత్, హెరెరో, ఇంకొందరు శాస్త్రవేత్తలు అలాస్కా సంఘటనల మీద రెండు అధ్యయనాలు చేశారు. 2008లో వచ్చిన దాంట్లో స్ప్రే కొట్టినప్పుడు గోధుమ రంగు ఎలుగుల్లో 92 శాతం, నల్ల ఎలుగుల్లో 90 శాతం సందర్భాల్లో అవి వెనక్కి తగ్గాయి. దగ్గరగా ఎదురైనప్పుడు స్ప్రే దగ్గరున్నవాళ్లలో 98 శాతం మందికి గాయమే కాలేదు. 2012లో వచ్చిన రెండోది తుపాకీల మీద, 269 సంఘటనలు. చేతి తుపాకులు 84 శాతం, పొడవు తుపాకులు 76 శాతం పనిచేశాయి. కానీ తుపాకీ కాల్చినవాళ్లకీ, దగ్గరుండి కాల్చనివాళ్లకీ గాయాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి స్ప్రే గెలిచింది అనేయడం కూడా సరికాదు. తుపాకీ లెక్కలో మీదికొచ్చిన ఎలుగులే ఎక్కువ, స్ప్రే లెక్కలో ఊరికే ఆరా తీయడానికి దగ్గరికొచ్చినవి కూడా ఉన్నాయి. నేను తీసుకునేది ఇంతే: శిక్షణ లేని మనిషి చేతిలో, భయంతో వణుకుతున్న చేతుల్లో, గురి తప్పినా పనిచేసేది స్ప్రే మేఘమే.

హెచ్-1బీ మీద ఉన్నాను. ఫ్రెండ్ గన్ నా ప్యాక్‌లో పెట్టుకోవచ్చా?

వద్దు. దయచేసి వద్దు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1, బీ-2 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. 15 ఏళ్ల దాకా జైలు పడవచ్చు, దేశం నుంచి పంపేయడానికీ అది కారణం కావచ్చు. గడువులో ఉన్న అమెరికా వేట లైసెన్స్ ఉన్నవాళ్లకి ఒక మినహాయింపు ఉంది, కానీ దాన్ని నమ్ముకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. కొనకపోయినా, మీ పేరు మీద లేకపోయినా, మీ అధీనంలో ఉందంటే చాలు. ఒకే కెనూలో, ఒకే టెంట్‌లో వేరేవాళ్ల గన్ ఉన్నా చిక్కే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. ఎన్నో ఏళ్లు కష్టపడి తెచ్చుకున్న స్టేటస్‌ని నాలుగు రోజుల ట్రిప్ కోసం పణంగా పెట్టకండి.

గ్రీన్‌కార్డు ఉంది, లైసెన్స్ ఉంది. సరిహద్దు దాటి కెనడా వైపు తీసుకెళ్లొచ్చా?

చేతి తుపాకీ సంగతి మర్చిపోండి, ఎలుగుల నుంచి రక్షణ కోసమని చెప్పి తీసుకెళ్లనివ్వరు. వేటకి వాడే మామూలు రైఫిల్, షాట్‌గన్ అయితే సరిహద్దు దగ్గర నాన్ రెసిడెంట్ డిక్లరేషన్ ఫారం నింపి 25 కెనడా డాలర్లు కట్టాలి. అది 60 రోజులు చెల్లుతుంది. సంతకం అధికారి ముందే పెట్టాలి, ఇంట్లో పెట్టి తీసుకెళ్లకండి. కానీ సరిహద్దు దాటినంత మాత్రాన పార్కులోకి రానివ్వరు. అంటారియో ప్రావిన్షియల్ పార్కుల్లో వేటకి అనుమతించిన చోట్లు తప్ప తుపాకీ నిషేధం, కెనడా జాతీయ పార్కుల్లోనూ మామూలు యాత్రికులకి నిషేధమే. జంతువుల కోసమని లేబుల్ ఉన్న బేర్ స్ప్రే మాత్రం కెనడాలోకి తీసుకెళ్లొచ్చు. మనుషుల మీద వాడే పెప్పర్ స్ప్రే అక్కడ నిషిద్ధ ఆయుధం. పర్సులో ఉంటే ఇంట్లోనే వదిలేయండి.

అయితే తుపాకీ నిజంగా కావలసిన నది ఏదీ లేదా?

ఉంది. ధ్రువపు ఎలుగులు (పోలార్ బేర్) తిరిగే తీరం. మానిటోబాలో సీల్ నది లాంటివి హడ్సన్ బే సముద్రంలో కలుస్తాయి. ఆ చివరి రోజుల ప్రయాణంలో అనుభవజ్ఞులు 12 గేజ్ పంప్ షాట్‌గన్, దానికి స్లగ్ తూటాలు, చప్పుడుతో బెదరగొట్టే బేర్ బ్యాంగర్లు, క్యాంపు చుట్టూ బ్యాటరీ కరెంటు తీగ తీసుకెళ్తారు, రాత్రి వంతులవారీగా కాపలా ఉంటారు. అక్కడ తుపాకీ వద్దు అనే మాట నేను అనను. కానీ అది వాడటం వచ్చినవాళ్లతో, స్థానిక గైడ్‌తో వెళ్లాల్సిన ప్రయాణం. తుపాకీ కొత్తగా కొనుక్కుని వెళ్లాల్సిన చోటు కాదు.

ఇండియాలో, పాపికొండల వైపు ఇలా వెళ్లేటప్పుడు ఆయుధం ఉంచుకోవచ్చా?

కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టకూడదు. మామూలు లైసెన్స్ ఉన్నా సరే. అదే చట్టంలో ఆత్మరక్షణ కోసం సదుద్దేశంతో జంతువుని చంపాల్సి వస్తే నేరం కాదని కూడా ఉంది, ఆ కళేబరం మాత్రం ప్రభుత్వానిదే. మంజీరా లాంటి చోట్ల నీళ్లలో మొసళ్లుంటాయి. చీకటి పడ్డాక ఒడ్డున నీళ్లకి దిగకపోవడమే అక్కడ అన్నిటికంటే మంచి రక్షణ.

## సామాన్లు సర్దేటప్పుడు

ఏ బేర్ స్ప్రే కొనాలి? ఎన్ని?

డబ్బా మీద బేర్ స్ప్రే అని, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కనీసం 7.9 ఔన్సులు, 25 అడుగుల దూరం, 6 సెకన్లు వచ్చేది తీసుకోండి. గడువు తేదీ చూడండి, పాతబడితే లోపలి ఒత్తిడి తగ్గిపోతుంది. కెనూకి ఒకటి చొప్పున నేను పెడతాను, నడుము బెల్టుకి తగిలించి. ప్యాక్ అడుగున ఉన్న స్ప్రే లేనట్టే. అందులో ఉన్నది మన మిరపకాయలో ఉన్న ఘాటే, కాప్సైసిన్. ఎండుమిరపకాయలు వేయిస్తే ఇల్లంతా దగ్గడం గుర్తుంది కదా, దానికి ఎన్నో రెట్లు.

విమానంలో వెళ్తున్నాం, స్ప్రే చెకిన్‌లో వేయొచ్చా?

వేయకూడదు. క్యాబిన్‌లో కాదు, చెకిన్‌లో కూడా కాదు. దిగిన ఊళ్లో కొనుక్కోండి, లేదా పడవలు అద్దెకిచ్చే అవుట్‌ఫిట్టర్ దగ్గర అడగండి, చాలామంది అద్దెకిస్తారు. అలాస్కాలో నీటి మీద వాలే చిన్న విమానం ఎక్కుతుంటే స్ప్రే ఉందని పైలట్‌కి ముందే చెప్పండి. దాన్ని క్యాబిన్‌లో పెట్టకుండా విమానం కింద ఉండే ఫ్లోట్‌ల లోపల పెడతారు. గాల్లో ఉండగా క్యాబిన్‌లో లీకైతే పైలట్‌కి కళ్లు కనిపించవు.

ఆవకాయ, నెయ్యి, పొడులు తీసుకెళ్తే ఎలుగు వస్తుందా?

వాసన ఉన్న ప్రతిదానికీ వస్తుంది, టూత్‌పేస్టుకైనా. ఆవకాయ మానక్కర్లేదు. కానీ గాజు సీసాలో వద్దు, బౌండరీ వాటర్స్‌లో గాజు సీసాలు, డబ్బా టిన్నులు నిషేధం. మా ఇంట్లో ముందురోజు రాత్రి ఆవకాయని రెండు జిప్ కవర్లలో ఒకదాంట్లో ఒకటి పెట్టి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో వేస్తుంది మా ఆవిడ. నూనె బయటికి వచ్చిందా అని కాగితంతో తుడిచి చూసి మరీ సర్దుతుంది. ఒకసారి ఒక స్నేహితుడి గోంగూర సీసా ప్యాక్‌లో కారి, స్లీపింగ్ బ్యాగుకి అంటింది. ఆ బ్యాగు టెంట్‌లో పెట్టలేం, బయట చలి. ఇద్దరు జాకెట్లు కప్పుకుని రాత్రంతా కూర్చున్నారు. అరిసెలు, పల్లీ చిక్కీలు, పులిహోర పొడి, అటుకులు హాయిగా వెళ్తాయి. ఎండు చేపలు మాత్రం ఇంట్లోనే తినేసి రండి.

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు, తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, నాన్నగారి వయసువాళ్లు మూడు రోజులు హాయిగా ఉండి వచ్చినవాళ్లు మా గుంపులోనే ఉన్నారు. జూలై, ఆగస్టు ఎంచుకోండి, అప్పుడు నీళ్లు కాస్త వెచ్చగా ఉంటాయి. పోర్టేజ్, అంటే పడవని మోసుకుంటూ నడిచే దారి, లేని సరస్సులోనే క్యాంపు వేయండి. అమ్మ చీర కట్టుకునే కూర్చుంటానంటే మెల్లగా నచ్చజెప్పండి. పడవ తిరగబడితే తడిసిన కుచ్చిళ్లు కాళ్లకి చుట్టుకుంటాయి. చుడిదార్ పైన సరైన సైజు లైఫ్ జాకెట్ చాలు. బీపీ, షుగర్ మందులు రెండు చోట్ల, నీళ్లు పోని సంచుల్లో పెట్టండి.

## నీటి మీద, నడిచే దారిలో

సరస్సులో మూస్ ఈదుతూ కనిపించింది. ఫొటో కోసం దగ్గరికి వెళ్లొచ్చా?

వెళ్లొద్దు. మూస్ అంటే గుర్రం కంటే ఎత్తుగా ఉండే దుప్పి జాతి జంతువు. అలాస్కాలో ఎలుగుల కంటే మూస్‌ల వల్లే ఎక్కువమందికి గాయాలవుతాయి. మే, జూన్‌లో పిల్లతో ఉన్న తల్లి, సెప్టెంబర్ చివర్లో జత కట్టే కాలంలో మగది, ఈ రెండూ చాలా ప్రమాదం. చెవులు వెనక్కి వంచి, మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే అది మీదికి రాబోతోంది. ఎలుగు నుంచి పరుగెత్తకూడదు గానీ మూస్ నుంచి పరుగెత్తవచ్చు, లావాటి చెట్టు వెనక్కి వెళ్లండి.

పోర్టేజ్ దారిలో ఎలుగు ఎదురుపడకుండా ఏం చేయాలి?

మాట్లాడుకుంటూ నడవండి. కెనూ తల మీద ఉన్నప్పుడు ముందు పది అడుగుల నేల తప్ప ఏమీ కనపడదు, కాబట్టి పడవ మోసేవాళ్ల ముందు ఒకరు ఖాళీ చేతులతో నడవాలి. మా పిల్లలు ఆ డ్యూటీ కోసం పోట్లాడుకుంటారు. వాగు చప్పుడు ఎక్కువున్న చోట, బ్లూబెర్రీ పొదల దగ్గర గొంతు పెంచండి. తిండి ప్యాక్‌ని దారి మొదట్లో వదిలేసి రెండో విడతకి వెళ్లిపోకండి, దాని దగ్గర ఒకరు ఉండాలి.

## క్యాంపులో

తిండి ఎక్కడ దాచాలి? టెంట్‌లో పెట్టుకుంటే మన కళ్ల ముందే ఉంటుంది కదా?

టెంట్‌లో ఒక్క బిస్కెట్ కూడా వద్దు. ఈ పేజీలో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి. బౌండరీ వాటర్స్‌లో ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా తిండిని, వాసన వచ్చే వస్తువుల్ని ఎలుగు తెరవలేని ధ్రువీకృత డబ్బాలో గానీ, నేల నుంచి 12 అడుగుల ఎత్తున, చెట్టు మొదలుకి 6 అడుగుల దూరంలో వేలాడదీసి గానీ ఉంచాలని ఫారెస్ట్ సర్వీస్ నిబంధన ఉంది. తాడు కట్టడం చెప్పినంత తేలిక కాదు. సరైన కొమ్మ దొరకదు, చీకటి పడుతుంది, దోమలు కుడుతుంటాయి, చివరికి చేతికందే ఎత్తులో కట్టేసి పడుకుంటారు. అందుకే నేను గట్టి డబ్బాలే అద్దెకి తీసుకుంటాను. వాటిని టెంట్‌కి దూరంగా, నీటి ఒడ్డు నుంచి లోపలికి పెడతాను. ఎలుగు దొర్లించినా నీళ్లలోకి పోకూడదు.

గిన్నెలు తోమిన నీళ్లు సరస్సులో పోయకండి, దూరంగా గొయ్యిలో పోయండి. చేప పేగుల్ని క్యాంపుకీ ఒడ్డుకీ కనీసం 200 అడుగుల దూరం తీసుకెళ్లి పూడ్చండి. మీరు వదిలిన అన్నం రుచి మరిగిన ఎలుగు తర్వాత వచ్చే కుటుంబం టెంట్ దగ్గరికి వెళ్తుంది. చివరికి దాన్ని కాల్చి చంపాల్సి వస్తుంది.

స్ప్రేని టెంట్ చుట్టూ కొడితే ఎలుగు రాదు కదా?

కొట్టకూడదు. ఓడోమాస్ రాసుకున్నట్టు టెంట్ మీద కొట్టినవాళ్లని నేను చూశాను. ముఖం మీద పడిన ఘాటు ఎలుగుని తరుముతుంది గానీ, ఆరిపోయిన మిరప వాసన దాన్ని ఆకర్షిస్తుంది.

రాత్రి ఎవరో ఏడ్చినట్టు అరుపులు. పిల్లలు వణికిపోయారు. తోడేళ్లా?

నూటికి తొంభై వంతులు అది లూన్ పక్షి. మిన్నెసోటా రాష్ట్ర పక్షి, నలుపు తెలుపు చుక్కలతో బాతులా ఉంటుంది. పొడవుగా, సాగదీసి అరుస్తుంది, ఇంకో లూన్ దూరం నుంచి బదులిస్తుంది. తోడేళ్లు కూడా ఉన్నాయి, రాష్ట్రంలో రెండున్నర వేలకు పైగానే. అవి మనుషుల జోలికి రావడం చాలా అరుదు. ఇన్నేళ్లలో నేను తోడేలుని రెండుసార్లే చూశాను, రెండుసార్లూ అదే పారిపోయింది. బయల్దేరే ముందే ఇంట్లో పిల్లలకి లూన్ అరుపు వినిపించండి, అక్కడ విన్నప్పుడు గుర్తుపట్టి మురిసిపోతారు.

టెంట్ వేసేటప్పుడు జంతువుల దారి చూసుకోవాలా?

ముందు తల పైకెత్తి చూడండి. ఎండిన చెట్టు, విరిగి వేలాడే కొమ్మ ఉంటే అక్కడ వద్దు. 1999 జూలై 4న వచ్చిన గాలివాన ఈ అడవిలో లక్షల ఎకరాల్లో చెట్లని పడగొట్టింది, ఎంతోమంది క్యాంపర్లు గాయపడ్డారు. ఉరుము వినిపించగానే నీటి మీది నుంచి దిగిపోండి.

## ఎదురుపడితే

పొద్దున్న లేచి చూస్తే ఎలుగు క్యాంపులో ఉంది. ఏం చేయాలి?

పరుగెత్తకండి. అందరూ ఒకచోట చేరండి, పిల్లల్ని మధ్యలోకి తీసుకోండి. చేతులు పైకెత్తి, గొంతు పెంచి, గిన్నెలు కొట్టి అరవండి, అది వెళ్లడానికి దారి వదలండి. నాలుగేళ్ల కిందట పొద్దున్నే టీ పెడుతుంటే మా పొయ్యికి ఇరవై అడుగుల దూరంలో వచ్చి నిలబడింది. ముక్కు పైకెత్తి గాలి పీలుస్తోంది, పెదవి మీద తేమ మెరుస్తోంది. నాతో ఉన్న అక్క టీ గిన్నె మూతని గరిటెతో వాయించడం మొదలుపెట్టింది. అది ఒకసారి బుస్సుమని పళ్లు టకటకలాడించింది, వెనక్కి తిరిగి పొదల్లోకి వెళ్లిపోయింది. పళ్లు కొట్టడం, నేలని కాలితో చరచడం అది భయపడుతోందనడానికి గుర్తు. చప్పుడు చేయకుండా, చూపు తిప్పకుండా మిమ్మల్నే వెంబడిస్తుంటే మాత్రం అది వేట. అప్పుడు స్ప్రే తీయండి, రాళ్లు విసరండి.

చిన్నప్పుడు కథలో చదివాం, చచ్చినట్టు పడుకుంటే వదిలేస్తుందని. నిజమేనా?

నల్ల ఎలుగు దగ్గర ఎప్పుడూ అలా చేయకండి. అది మీదపడితే చేతికందిన దాంతో ముక్కు మీద, కళ్ల మీద కొట్టి తిరగబడాలి. అలాస్కాలో, పశ్చిమ కెనడాలో గ్రిజ్లీ తన పిల్లల్ని కాపాడుకోవడానికి మీదపడితే మాత్రం బోర్లా పడుకుని, వేళ్లు మెడ వెనక పెనవేసి, కాళ్లు ఎడంగా పెట్టి కదలకుండా ఉండాలి. అదే గ్రిజ్లీ రాత్రి టెంట్‌లోకి వస్తే పోరాడాలి.

స్ప్రే ఎలా కొట్టాలి? మన మీదే పడితే?

క్లిప్ తీసి, రెండు చేతులతో పట్టుకుని, ఎలుగు ముప్పై అడుగుల లోపుకి వస్తుంటే దాని ముందు కాస్త కిందికి రెండు మూడు సెకన్లు కొట్టండి. అది ఆ మేఘంలోంచి రావాలి. ఆగకపోతే ముఖం మీద మళ్లీ కొట్టండి. ఎదురుగాలి అయితే ఇంకా దగ్గరికి రానివ్వాలి, మీకూ కొంత తగులుతుంది, అయినా కొట్టండి. కళ్లలో పడితే రుద్దకండి, చల్లటి నీళ్లతో పదిహేను ఇరవై నిమిషాలు కడుగుతూ ఉండండి, కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయండి. మందు లేని ప్రాక్టీస్ డబ్బాలు అమ్ముతారు, పెరట్లో ఇంట్లో అందరూ ఒక్కసారైనా క్లిప్ తీసి చూడాలి.

అలాస్కాలో ఆత్మరక్షణకి ఎలుగుని కాల్చాల్సి వస్తే?

చట్టం ఒప్పుకుంటుంది, కానీ మీరు కవ్వించడం వల్లో, తిండిని నిర్లక్ష్యంగా వదిలేయడం వల్లో జరిగితే ఒప్పుకోదు. చంపాక చర్మం, పుర్రె తీసి రాష్ట్ర వన్యప్రాణి శాఖకి అప్పగించాలి, 15 రోజుల్లో రాతపూర్వక నివేదిక ఇవ్వాలి. గోళ్లు దాచుకోవడం నేరం.

## ఇంటికి వచ్చాక

అంతా బాగానే జరిగింది. ఇంకేమైనా చూసుకోవాలా?

పిడుదు పురుగులు. ఈ పేజీలో ఎవరూ అడగని జంతువు ఇదే, మా గుంపులో ఇద్దరిని హాస్పిటల్‌కి పంపింది కూడా ఇదే. మిన్నెసోటాలో నల్లకాళ్ల పిడుదు లైమ్ జబ్బు తెస్తుంది. దాని పిల్ల గసగసం గింజంత ఉంటుంది. స్నానం చేసేటప్పుడు చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, పిల్లల చెవుల వెనక, జుట్టు కుదుళ్లు వేళ్లతో తడిమి చూడండి. కనిపిస్తే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగండి. అగ్గిపుల్ల, కిరోసిన్ లాంటివి వద్దు. సాధారణంగా ఒక రోజుకి పైగా అంటుకుని ఉంటేనే లైమ్ సోకుతుంది, కాబట్టి ఆ రాత్రే చూసుకోవడం ముఖ్యం. తర్వాత నెల రోజుల్లోపు జ్వరం, ఒళ్లునొప్పులు, గుండ్రంగా పెరిగే ఎర్రటి మచ్చ వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లి అడవికి వెళ్లొచ్చానని మొదటి మాటగా చెప్పండి. త్వరగా మొదలుపెడితే యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది.